సౌండు బంగళాలో ఆఖరి రీలు

అనంతగిరి నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద, కాఫీ తోటల మధ్య ఒక మలుపుంది. మలుపులో కల్వర్టు. కల్వర్టు పక్కనుంచి పైకి ఒక మట్టిదారి. ఆ దారి చివర, సిల్వర్ ఓక్ చెట్ల చాటున, రేకుల కప్పు బంగళా. దాన్ని అందరూ సౌండు బంగళా అనేవారు. ఆ పేరెందుకు వచ్చిందని అడిగితే మాత్రం, పొద్దు వాలాక ఎవరూ నోరు విప్పేవారు కాదు.

పగలైతే చెప్పేవారు. సంతలో మిరియాల మూట విప్పుకుంటూ, చుట్ట కొన కొరుకుతూ చెప్పేవారు. ఆ బంగళా చుట్టూ గాలి పులిసి ఉంటుందని. జీలుగుకల్లు కుండకి మూత పెట్టి నెల్లాళ్ళు మరిచిపోతే ఎలా ఉంటుందో, అలాంటి వాసన. పీల్చినవాడికి కళ్ళు మండుతాయి, కణతలు పగిలిపోతాయి. అది దెయ్యం ఊపిరి — అనేవారు.

వాసన ఒక్కటే అయితే ఫరవాలేదు. కొండ మీద కుళ్ళేవి ఎన్నో ఉంటాయి. కానీ చీకటి పడి మంచు దిగాక, ఆ మూసిన తలుపుల వెనకనుంచి ఒక ఆడపిల్ల పిలిచేది...

"అమ్మా... ఓ... అమ్మా..."

మంగ్లు అనేవాడు ఒకడు ఇత్తడి సామాను దొరుకుతుందని ఆశపడి వెళ్ళాడు. చెప్పులు అక్కడే వదిలేసి వచ్చాడు. మంత్రం వేసే దిసారిని పిలిపించి కోడిని కోయిస్తే గానీ జ్వరం దిగలేదు. సాలూరు నుంచి పాత ఇనుము కొనేవాళ్ళు వ్యాను వేసుకుని వచ్చారు. కల్వర్టు దగ్గర వ్యాను ఆపి, పిలుపు విని, అటునుంచి అటే తిప్పుకుని పోయారు.

అలాంటి చోటికి సుజానా ఒక్కతే వెళ్ళింది.

ధైర్యం ఉండి కాదు. భయపడాలంటే లోపల ఏదో ఒకటి మిగిలుండాలి కదా... అది కూడా ఆమెలో మిగల్లేదు.

సుజానాది పాచిపెంట. తండ్రి మిషను బడిలో పంతులు. ఆమె చదువుకుని హైదరాబాదు చేరి, పాత సినిమాలు బాగుచేసి డిస్కులుగా తెచ్చే ఒక చిన్న కంపెనీలో పనికి కుదిరింది. బొమ్మ బాగుచేసేవాళ్ళు వేరే. ఆమెది శబ్దం. ఎప్పుడో చనిపోయిన వాళ్ళ మాటల మీద పేరుకున్న గరగరలు, చిటపటలు ఒక్కొక్కటీ ఏరి పారెయ్యడం ఆమె పని.

ఏడాదిన్నర కిందట ఆమె కూతురు డాలీ డెంగీ జ్వరంతో పోయింది. రెండో తరగతి చదివేది. సమాధి దగ్గర సుజానా ఏడవలేదు. బంధువులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వారం తిరక్కుండా చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని పనిలో కూర్చుంది. భర్త కెవిన్ ఒక గదిలో, ఆమె ఒక గదిలో. ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరిలా బతుకుతున్నారు. కూరలో ఉప్పుందో లేదో కూడా ఆమెకి తెలియడం మానేసింది. తిట్టినా, జాలి పడినా ఒకటే — గోడకి చెప్పినట్టు ఉండేది.

అలా ఉన్న రోజుల్లోనే కంపెనీకి 'వెదురు వంతెన' అనే పాత సినిమా వచ్చింది.

నలభై ఏళ్ళు దాటిన నలుపు తెలుపు సినిమా. ఈ కొండల్లోనే తీశారు. ఆడింది కొద్ది రోజులే. కానీ చూసినవాళ్ళు మాత్రం మరిచిపోలేదు. ఆఖరున తప్పిపోయిన పిల్ల కోసం తల్లి వంతెన దగ్గర నిలబడుతుంది, లోయ అవతలినుంచి పిల్ల పిలుపు వస్తుంది. ఆ పిలుపు విన్నవాళ్ళకి రాత్రి నిద్ర పట్టేది కాదట. తరవాత వీడియో క్యాసెట్లు వచ్చిన రోజుల్లో దీన్నీ క్యాసెట్టుగా వేశారు. కానీ దొరికిన ప్రింటులో ఆఖరి రీలు శబ్దం పాడైపోయి ఉంది. క్యాసెట్టు వేసినవాళ్ళు ఆ చోట వేణువు వాయించి సరిపెట్టేశారు. టీవీలో వచ్చినా, వీసీడీలో వచ్చినా అదే వేణువు. అసలు పిలుపు విన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

ఇప్పుడు అదృష్టం కొద్దీ బొమ్మ నెగటివు చెక్కుచెదరకుండా దొరికింది. శబ్దం నెగటివు మాత్రం, డబ్బా మూత తీస్తే పాకం పట్టిన బెల్లంలా అతుక్కుపోయి ఉంది.

"వేణువుతోనే వదిలేద్దామా?" అంది కంపెనీ నడిపే సౌందర్య. "డిస్కు వచ్చే తేదీ చెప్పేశాం కూడా."

సుజానా పాత మనుషులకి ఫోన్లు చేసుకుంటూ పోయింది. ఎవరో ఒక మాట చెప్పారు. ఆ సినిమాకి శబ్దం పట్టినాయన పేరు యేసురత్నం. మద్రాసు స్టూడియో మూసేసి రీళ్ళన్నీ పాత సామాను కింద అమ్మేస్తుంటే, తను పనిచేసినవి కొన్ని మోసుకుపోయాడట. ఎక్కడికి? అరకు కొండలకి. అక్కడే ఇల్లు కట్టుకుని, అక్కడే చనిపోయాడు.

యేసురత్నం మేనల్లుడు జాకబ్ విశాఖపట్నంలో ఉంటాడు. తాళంచెవి ఇస్తూ చెప్పాడు — "ఏం కావాలంటే అది తీసుకుపొండమ్మా. రిసార్టు వాళ్ళకి అమ్మేశాం. వచ్చే నెలలో పడగొట్టేస్తారు. కరెంటు కూడా ఇంకా ఉంది, తీయించే తీరిక లేక."

"మీరు రారా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "నేను... వెళ్ళను."

పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి చేరాల్సింది. ఘాట్లో కాఫీ బస్తాల లారీ అడ్డంగా ఇరుక్కుంది. అది కదిలేసరికి ఎండ పోయింది, చినుకులు పడుతున్నాయి. జీపు తోలుతున్న ఫల్గుణ అప్పటిదాకా వాగుతూనే ఉన్నాడు. మలుపు దగ్గరపడుతున్న కొద్దీ మాటలు తగ్గాయి. కల్వర్టు దగ్గర జీపు ఆపేసి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచాడు.

"మేడమ్... నాను దీన్ని దాటను. కోప్పడకండి. లైట్లు ఏసుకుని ఇక్కడే ఉంటాను. రేపు పొద్దున్న రాకూడదా?"

"రేపు వేరే పని ఉంది" అంది సుజానా. అది నిజం కాదు. రేపైనా ఈ రోజైనా ఆమెకి ఒకటే.

ఫల్గుణ గొంతు తగ్గించాడు. "ఆడగుంట పిలుస్తాది మేడమ్. ఆగి ఇనకండి. బేగి వొచ్చీయండి."

ఆమె టార్చి పట్టుకుని దిగింది.

మట్టిదారి జారుతోంది. రెండు పక్కలా కాఫీ మొక్కలు, వాటి మీద చినుకుల చప్పుడు. జీపు లైట్లు కొంతదూరం వెంట వచ్చాయి... తరవాత మంచు వాటిని మింగేసింది. ముందు వాసన తగిలింది.

పులిసిన వాసన. ముక్కులోంచి నేరుగా కళ్ళలోకి పోయే వాసన.

సుజానా నిలబడి ఒకసారి గట్టిగా పీల్చింది. ఆమెకి ఆ వాసన తెలుసు. రోజూ ఆఫీసులో పీల్చేదే. పాత సినిమా రీలు కుళ్ళడం మొదలుపెడితే వెనిగర్ వాసనేస్తుంది. ఒక రీలుకి పడితే పక్కదానికి అంటుకుంటుంది. తలుపులు మూసిన గదిలో రీళ్ళు ఏళ్ళ తరబడి ఉంటే, ఆ ఆవిరికి ఎవడికైనా కళ్ళు మండుతాయి, తల నొప్పెడుతుంది.

అంటే రీళ్ళు ఉన్నాయన్నమాట. ఆ మాట మనసులో అనుకుంది గానీ సంతోషం మాత్రం రాలేదు.

తాళం తుప్పు పట్టి ఉంటుందనుకుంది. చెవి పెట్టగానే నూనె రాసినట్టు తిరిగింది.

లోపల చీకటి. టార్చి వెలుగులో ఒక బల్ల, గోడ మీద ఏసుప్రభువు పటం, మూల గొడుగు. దుమ్ము ఉంది... కానీ నేల మధ్యలో లేదు. ఎవరో రోజూ నడిచినట్టు, వెనక తలుపునుంచి లోపలి గదిదాకా దారి చేసినట్టు, నేల నున్నగా ఉంది.

లోపలి గది తలుపు మూసి ఉంది. దాని కిందనుంచి సన్నగా ఎర్రటి వెలుగు.

సుజానా తలుపు మీద చెయ్యి వేసింది.

అప్పుడు పిలిచింది.

"అమ్మా... ఓ... అమ్మా..."

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. అది డాలీ గొంతు కాదు. కాదని తెలుసు. తెలిసీ కాళ్ళు ఆగాయి.

"అమ్మా... ఓ..."

లోయ ఆ పిలుపుని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మెల్లగా వదిలేసింది. గది లోపల లోయ ఎక్కడిది? నాలుగు గోడల మధ్య కొండ ప్రతిధ్వని ఎలా వస్తుంది?

ఆమె చెవులు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. పిలుపుకి ముందు సర్రుమని సన్నటి హోరు ఉంది. పిలుపు ఆగాక కూడా ఆ హోరు ఉంది. దెయ్యానికి ఆ హోరు ఉండదు... రీలుకే ఉంటుంది.

లోపల టక్కుమని ఏదో ఆగింది. తరవాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక మనిషి ఊపిరి.

"ఎవులు?" — గుసగుస.

సుజానా తలుపు తోసింది.

గది నిండా డబ్బాలు. గుండ్రటి రేకు డబ్బాలు, నేలనుంచి కప్పుదాకా. మధ్యలో నిలువెత్తు మిషను, దాని మీద చిన్న ఎర్రదీపం. మిషను ముందు గోనెపట్టా మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ముక్కుకి మూడు పోగులు, భుజం మీదుగా ముడేసిన చీర. టార్చి వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ లేవలేదు.

"భయమెయ్యలేదేటి నీకు?" అంది.

"లేదు మామ్మా."

"అందరూ పారిపోతారు." ఆమె గొంతులో కాస్త నొచ్చుకున్నట్టుంది. "నువ్వెందుకు పారిపోనేదు?"

సుజానా గోనెపట్టా పక్కన నేల మీద కూర్చుంది. తలనొప్పి మొదలైంది. దూరంగా కల్వర్టు దగ్గర ఫల్గుణ హారను కొడుతున్నాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

ఆ ముసలామె పేరు సోములమ్మ. బంగళాకి దిగువన, వాగు పక్కన గుడిసె. ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు సుజానాకి చెప్పింది. గట్టిగా కాదు, గోడలు వింటాయన్నట్టు చెప్పింది.

సినిమావాళ్ళు వచ్చినప్పుడు ఆమె పడుచుది. కూతురు ముత్యాలమ్మకి ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. లోయ అవతలినుంచి పిల్ల పిలిచే పిలుపు కావాలి. సినిమాలో వేసిన పిల్ల పట్నంది, ఎంత అరిచినా గొంతు లోయ దాటలేదు. ముత్యాలమ్మ రోజూ మేకల వెనకనుంచి తల్లిని కేకేసే గుంట. యేసురత్నం అది విన్నాడు. బండ మీద నిలబెట్టి పిలిపించాడు. బిస్కెట్లిచ్చాడు.

"ఆ వానలకే జొరం వొచ్చినాది. కొండజొరం. మోసుకుని ఎల్తన్నాం... దారిలోనే పోనాది." సోములమ్మ చేత్తో గాలిలో ఏదో తుడిచింది. "బొమ్మ నేదు, పోటో నేదు. దాని మొకం కూడా నాకిప్పుడు సరిగ్గా రాదు తల్లీ."

ఏళ్ళు గడిచాక యేసురత్నం ఈ కొండకే వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. బండ మీద పిలిచిన గుంట ఏదీ అని అడిగాడు. చెప్పారు. ఆ సాయంత్రం సోములమ్మని పిలిచి, ఈ గదిలో కూర్చోబెట్టి, ఈ మిషను నడిపాడు.

"నాను సచ్చిపోయాననుకున్నాను. గుంట నా దగ్గరికొచ్చీసిందనుకున్నాను."

అప్పట్నుంచి రోజూ. ఏ బొత్తం నొక్కాలో ఆయనే నేర్పాడు. వెనక తలుపు గడియ తీసుకోవడం, వాకిలి తాళానికి నూనె పెట్టడం నేర్పాడు. ఆయన పోయాక కూడా ఆమె మానలేదు. పట్నంవాళ్ళు అమ్మేసుకుంటారని, ఇనుమోళ్ళు తీసుకుపోతారని గుబులు. ఊళ్ళో దెయ్యమని పుకారు పుట్టినప్పుడు ఆమె కాదనలేదు.

"దెయ్యముందంటే ఉందన్నాను. సెడ్డపేరుంటేనే మంచిది. తాళం మీద సెయ్యెయ్యరు."

సుజానా టార్చి డబ్బాల మీద తిప్పింది. ఒక్క మూతా కదల్లేదు. ఊళ్ళల్లో, గోడౌన్లలో, చల్లటి గదుల్లో పెట్టినవి కూడా పోయాయి. ఇవి ఉన్నాయి. దెయ్యం కాపలా ఉంది కనక ఉన్నాయి.

మిషను మీది రీలు దగ్గరికి వెళ్ళింది. బొమ్మలుండని రీలు, వెడల్పాటి నాడాలాగా ఉంటుంది. దాని మీద గోధుమరంగు పూత. ఆ పూతలోనే శబ్దం. అంచులు అప్పుడే ముడుచుకుపోతున్నాయి. వేలితో మిషను కింది భాగం తాకింది. వేలికి బెల్లప్పొడిలా గోధుమరంగు గుండ అంటింది.

"అది రోజూ రాలతాది" అంది సోములమ్మ. "నానే సీరకొంగుతో తుడిసీదాన్ని."

సుజానా వేలికేసి చూస్తూ ఉండిపోయింది. ఎలా చెప్పాలో తెలియలేదు. మెత్తగా చెప్పడం ఆమెకి చేతకావడం మానేసి చాలా కాలమైంది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"మామ్మా... ఇదే ఆ గొంతు."

"ఏటి?"

"ఈ గుండ. రీలు నడిచినప్పుడల్లా కొంచెం రాలిపోతుంది. విన్నప్పుడల్లా కొంచెం పోతుంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిపితే ఏమీ మిగలదు. నడపకపోయినా మిగలదు. ఈ వాసన ఉందే... అది కుళ్ళుతోంది."

సోములమ్మ తన చీరకొంగు ఒళ్ళోకి తీసుకుని విప్పి చూసింది. కొంగంతా గోధుమరంగు మరక. ఎన్నేళ్ళదో. దాన్ని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. ఏడవలేదు. సుజానా కూడా ఏడవలేదు. ఇద్దరూ ఆ ఎర్రదీపం ముందు రెండు మూటల్లా కూర్చున్నారు.

ముసలామె అడిగింది — "నీ గుంట ఎక్కడ?"

సుజానా ఉలిక్కిపడలేదు. ఎలా తెలిసిందని అడగలేదు.

"లేదు మామ్మా."

"గొంతుందా?"

"ఫోనులో ఉంది."

"ఇంటావా?"

"లేదు."

"నాను రోజూ ఇంటాను" అంది సోములమ్మ. అందులో గొప్ప లేదు, దుఃఖమూ లేదు. రోజూ అంబలికి చోళ్ళు విసురుతానన్నట్టు చెప్పింది. తరవాత లేచి, మిషను పక్కన మీట వంచి, రీలు తనే విప్పి డబ్బాలో పెట్టి మూత వేసింది.

"పట్టుకెల్లు. బాగు సెయ్యి. కానీ నా గుంట గొంతు మళ్ళీ నాకు తెచ్చియ్యాల."

"తెస్తాను."

"ఒట్టెయ్యక్కర్లేదు. ఒట్లేసినోళ్ళు రారు."

కల్వర్టు దగ్గర మంచులోంచి ఇద్దరు ఆడవాళ్ళు నడిచి రావడం చూసి ఫల్గుణ జీపు స్టార్టు చేసేశాడు. వెళ్ళింది ఒక్కరు, వస్తున్నది ఇద్దరు... సుజానా అతన్ని పేరు పెట్టి పిలిస్తే గానీ ఆగలేదు. సోములమ్మని గుర్తుపట్టి ఇంజను ఆపేశాడు.

"నువ్వా మామ్మా... ఇన్నాళ్ళూ...?"

"నోరుముయ్యి. డబ్బా జాగర్తగా ఎత్తు" అంది ముసలామె.

మర్నాడే లారీ మాట్లాడి మిగతా డబ్బాలు కూడా దించారు. అప్పుడు పట్టపగలు ఊరంతా వచ్చి చూసింది. ఇంతేనా అని నవ్వుకున్నారు. మంగ్లు తన చెప్పులు వెతుక్కున్నాడు. పక్క నెలలో రిసార్టు వాళ్ళు బంగళా పడగొట్టేశారు. అక్కడితో సౌండు బంగళా కథ అయిపోయిందనుకున్నారు అందరూ.

హైదరాబాదులో ఆ రీలుని ఒక్కసారే నడపాలని నిర్ణయించారు. రెండోసారి నడిపితే ఏం మిగులుతుందో చెప్పలేం. ముడతలు తీసి, మెల్లగా, అంగుళం అంగుళం చొప్పున నడిపారు. సుజానా హెడ్‌ఫోను పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

హోరు. తరవాత పిలుపు. "అమ్మా... ఓ... అమ్మా..." లోయ దాన్ని తిప్పి తిప్పి వదిలింది. మళ్ళీ పిలుపు. మళ్ళీ లోయ. తరవాత ఖాళీ.

ఆ ఖాళీలో, ఎక్కడో చాలా దూరంగా...

"ఓ...య్... వత్తన్నానే..."

సుజానా కళ్ళు తెరిచింది. సౌందర్య కూడా వింది. "తల్లి జవాబు. సినిమాలో ఇది ఉందని ఎవరూ చెప్పలేదే!"

"ప్రింట్లలో పోయి ఉంటుంది" అంది సుజానా. "ఇంత సన్నగా ఉంది."

షూటింగ్ రోజున సోములమ్మే పక్కన ఎక్కడో ఉండి పలికి ఉంటుందని ఆమె అనుకుంది. బొమ్మతో కలిపి చూశారు. ఆఖరి దృశ్యం చివర్లో తల్లి కూడా కనపడదు. వంతెన, దాని మీద మంచు, అంతే. ఆ పలుకు అక్కడ సరిగ్గా ఇమిడింది. ఉంచేశారు. డిస్కు అచ్చయింది, వచ్చింది, జనం కొన్నారు. నిద్ర పట్టలేదని ఉత్తరాదినుంచి కూడా ఒకరిద్దరు ఫోన్లు చేశారు.

సుజానా మాట నిలబెట్టుకుంది. ఒక డిస్కు, తెర ఉన్న చిన్న ప్లేయరు కొని తీసుకువెళ్ళింది. అప్పటికి చలికాలం వచ్చింది. ఫల్గుణ ఈసారి కల్వర్టు దాటి, వాగు దాకా వచ్చి, గుడిసె గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. చీకటి పడుతోంది. సోములమ్మ చిక్కిపోయింది. పొయ్యి పక్కన గోనెపట్టా పరిచి, ప్లేయరుని దాని మీద పెట్టి, బొత్తం ఏదో చూపించమంది.

వంతెన వచ్చింది. మంచు వచ్చింది. పిలుపు వచ్చింది.

"అమ్మా... ఓ... అమ్మా..."

ముసలామె మొహం కదల్లేదు. తల మాత్రం చిన్నగా ఊపింది — అదే, అదే, అన్నట్టు. హోరు లేదు, గరగర లేదు. ముత్యాలమ్మ గుమ్మం బయట నిలబడి పిలిచినట్టే ఉంది.

తరవాత ఆ ఖాళీ. ఆ దూరపు గొంతు.

"ఓ...య్... వత్తన్నానే..."

సోములమ్మ చెయ్యి పట్టా మీద బిగుసుకుంది.

"మళ్ళీ ఎయ్యి."

మళ్ళీ వేసింది.

"ఈ పలికిందెవులు?"

"మీరే కదా మామ్మా. ఆ రోజు, గొంతు పట్టినప్పుడు..."

"ఆ రోజు నానెక్కడున్నాను?" ముసలామె గుసగుసగా అంది. "సంతకెల్లినాను. ఎవులూ పలకనేదు. పిలిసి పిలిసి గుంట ఏడిసిందని రత్నంబాబే సెప్పాడు."

గుమ్మంలో ఫల్గుణ లేచి నిలబడ్డాడు.

"ఇది నా గొంతే" అంది సోములమ్మ. "కానీ అప్పటిది కాదు... ఇను. పళ్ళూడిపోయిన గొంతు. ముసలిగొంతు. ఆ మిషను కాడ కూకుని, గుంట పిలిసినప్పుడల్లా నానే పలికీదాన్ని. రోజూ. నువ్వొచ్చిన రోజు మాత్రం పలకనేదు, నీ అడుగుల సప్పుడు ఇనబడినాది. పిల్ల పిలిత్తుంటే ఊరుకోగలమేటి?"

సుజానాకి మిషను కళ్ళముందు కనపడింది. రీళ్ళు దించిన రోజు దాన్ని విప్పి చూసింది తనే. అది రీలుని చదివే మిషను మాత్రమే. రాసే భాగం దానికి లేదు. మైకు లేదు, మైకు పెట్టే చోటు లేదు. దాని ముందు నూరేళ్ళు కూర్చుని మాట్లాడినా ఒక్క అక్షరం రీలు మీదికి ఎక్కడానికి దారి లేదు.

"మామ్మా..." అంది.

సోములమ్మ ఆమెని చూడటం లేదు. తెర మీది ఖాళీ వంతెననే చూస్తోంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ చూడని నవ్వు ఒకటి, ఆ ముడతల్లో ఎక్కడో మొదలై, పెదవుల దాకా రాకుండానే ఆగింది.

"ఐతే..." అంది మెల్లగా, "ఇనబడినాదన్నమాట దానికి."

సుజానా గుడిసె బయటికి వచ్చి నిలబడింది. లోయ అవతల గూడ్సు బండి సొరంగంలోకి దూరి, చప్పుడు తెగిపోయింది. మంచు వాగు మీదినుంచి మెల్లగా పైకి ఎక్కుతోంది.

వెనక గుడిసెలో ముసలామె తనే బొత్తం నొక్కుకుంది. గుంట పిలిచింది. లోయ తిప్పి తిప్పి వదిలింది. ఆ జవాబు వచ్చింది. ఫల్గుణ గుమ్మంలోనుంచి చూశాడు — సోములమ్మ పెదవులు కదల్లేదు.

అతను సుజానా దగ్గరికి గబగబా వచ్చాడు. ఆమె రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, దవడలు కొట్టుకుంటూ నిలబడి ఉంది. దాదాపు రెండేళ్ళుగా ఎండా వానా ఏదీ తెలియని మనిషి.

"మేడమ్... ఏటైంది?"

"చలేస్తోంది ఫల్గుణా" అంది సుజానా. "చాలా చలేస్తోంది."